జిప్సీ లీన్‌గా నడుస్తోందా? పెట్రోల్ పెంచే ముందు ఇంజెక్టర్ ఓపెన్ టైమ్ చూడండి

మీరు రాసిన దాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. 2008 జిప్సీ, 1298 సీసీ ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్. పాత ఈసీయూ (పెట్రోల్ ఎంత పోయాలో లెక్కగట్టే కంప్యూటర్) తీసేసి స్పీడ్యునో (సెట్టింగులు మనమే మార్చుకునే ఈసీయూ) పెట్టారు. నిమిషానికి 240 సీసీ అని చెప్పి స్క్రాప్‌లో అమ్మిన నాలుగు ఇంజెక్టర్లు బిగించారు. నాలుగింటికీ విడివిడి డ్రైవర్లు (కరెంటు ఇచ్చే సర్క్యూట్లు), సైకిల్‌కు, అంటే ఇంజిన్ రెండు చుట్లకు, ఒక్క పిచికారీ. అదే ఇంజిన్‌కు ఇంకొకరు ట్యూన్ చేసుకున్న వి.ఇ. టేబుల్ (ఏ ఆర్పీఎమ్‌లో, ఏ లోడులో సిలిండర్లోకి ఎంత శాతం గాలి నిండుతుందో చెప్పేది) తెచ్చి వేశారు. వైడ్‌బ్యాండ్ మీటర్ ఎగ్జాస్ట్ చూసి, ఒక వంతు పెట్రోల్‌కు ఎన్ని వంతుల గాలో చెబుతుంది; అంకె పెరిగితే పెట్రోల్ తక్కువ, అదే లీన్, తగ్గితే రిచ్. అందులో ఐడిలింగ్‌లో 16.8, గంటకు అరవై కిలోమీటర్లలో నిలకడగా పోతుంటే 15.7, ఫుల్ యాక్సిలరేటర్‌లో 13.1 చూపించింది. మీకు కావలసినవేమో 14.7, 14.7, 12.8. ఐడిలింగ్‌లో ఇంజిన్ దగ్గుతోంది, కాలు ఆనించగానే ఇన్‌టేక్ లోంచి ఠప్ మంటోంది. మెకానిక్ చూసి, పెట్రోల్ చాలట్లేదు, అంతటా 10 శాతం పెంచేయమన్నాడు. పెంచారు. ఇప్పుడు 15.1, 14.2, 11.9. అంటే ఐడిలింగ్ ఇంకా లీనే, ఫుల్‌లో మాత్రం సైలెన్సర్ చివర మసి పేరుకుంటోంది. రాత్రి హెడ్‌లైట్లు, బ్లోవర్ వేస్తే సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతోంది. ఇంజెక్టర్లు పోయాయా అన్నది మీ ప్రశ్న.

ఇంజెక్టర్లు పోలేదు. వాటి గురించి ఈసీయూకి మీరు చెప్పిన ఒక అంకె తప్పు. ఏ అంకె అన్నది మీ లాగ్‌లోనే (బండి నడుస్తుండగా ఈసీయూ రికార్డు చేసిన అంకెల్లోనే) ఉంది.

లీన్ అనగానే చాలామంది మీటర్లో పెద్దగా కనిపించిన ఒక్క అంకె పట్టుకుని దాని వెంట పడతారు. నేను ముందు చూసేది తప్పు ఏ ఆకారంలో ఉందని. అన్ని చోట్లా ఒకే శాతం తేడా ఉంటే ఇంజెక్టర్ సైజు అంకె గానీ, పెట్రోల్ రకం గానీ, ప్రెషర్ గానీ తప్పు. పై ఆర్పీఎమ్‌లో మాత్రమే తేడా పెరుగుతూ పోతే పంపు, ఫిల్టరు. టేబుల్లో ఒకచోట గుంటలా ఉంటే వి.ఇ. టేబుల్. ఐడిలింగ్‌లో ఎక్కువగా ఉండి, లోడు పెరిగేకొద్దీ కరిగిపోతే మాత్రం ఇంజెక్టర్ ఓపెన్ టైమ్, అదే కొందరు డెడ్ టైమ్ అంటారు. మీది ఈ చివరిదే.

ఓపెన్ టైమ్ అంటే ఇదీ. ఇంజెక్టర్‌కు కరెంటు ఇవ్వగానే పెట్రోల్ రాదు. తలుపు కొట్టాక లోపలివాళ్లు లేచొచ్చి గడియ తీయడానికి కాస్త టైమ్ పట్టినట్టే, కాయిల్లో కరెంటు పేరుకుని, అయస్కాంతం స్ప్రింగును జయించి సూదిని లేపడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. మూసుకునేటప్పుడు కొంచెం ఆలస్యం అవుతుంది కాబట్టి అందులో కొంత తిరిగి వస్తుంది. ఈ రెండింటి నికర తేడాయే ఓపెన్ టైమ్. ఈసీయూ ఏం చేస్తుందంటే, పెట్రోల్ కోసం ఇంత సేపు అని లెక్కగట్టి, దానికి ఈ ఓపెన్ టైమ్ కలిపి అంత సేపు కరెంటు, అంటే ఒక పల్స్, ఇస్తుంది. మీరు ఇచ్చిన ఓపెన్ టైమ్ అసలుకంటే తక్కువైతే, ఆ తగ్గిన ముక్క ప్రతి పల్స్‌లోనూ పెట్రోల్ వాటా లోంచి కోసుకుపోతుంది.

మీ లాగ్‌లో (10 శాతం పెంచక ముందుది) పల్స్‌లు ఐడిలింగ్‌లో 2.4, అరవైలో 4.0, ఫుల్‌లో 9.3 మిల్లీసెకన్లు. ఓపెన్ టైమ్ 0.8 పెట్టారు. అది తీసేస్తే పెట్రోల్ కోసం ఈసీయూ అనుకున్నది 1.6, 3.2, 8.5.

ఇప్పుడు ఐడిలింగ్ లెక్క. 14.7 అడిగితే 16.8 వచ్చింది. 16.8ని 14.7తో భాగిస్తే 1.143. అంటే 1.6 మిల్లీసెకన్ల పెట్రోల్ అనుకున్న చోట నిజంగా పడింది 1.6 భాగించు 1.143, అంటే 1.4. తక్కువైంది 0.2.

అరవైలో 15.7ని 14.7తో భాగిస్తే 1.068. 3.2 బదులు పడింది 3.0. తక్కువైంది 0.2.

ఫుల్‌లో 13.1ని 12.8తో భాగిస్తే 1.023. 8.5 బదులు 8.3. తక్కువైంది మళ్లీ 0.2.

మూడు చోట్ల మూడు వేర్వేరు శాతాలు, ఐడిలింగ్‌లో 14, అరవైలో 7, ఫుల్‌లో 2. కానీ మిల్లీసెకన్లలో చూస్తే మూడు చోట్లా ఒకటే ముక్క. ఇంత శుభ్రంగా లెక్క కుదరడం నిజానికి అరుదు, మీకు తెచ్చిన వి.ఇ. టేబుల్ బాగా ట్యూన్ చేసినది కావడం వల్ల కుదిరింది. ఆ టేబుల్ ఇచ్చినాయనకు ఒక టీ బాకీ ఉన్నారు మీరు.

మీ మెకానిక్ చెప్పిన 10 శాతం ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తేలిగ్గా తెలుస్తుంది. శాతంతో పెంచితే పెద్ద పల్స్‌కు పెద్ద ముక్క, చిన్న పల్స్‌కు చిన్న ముక్క కలుస్తుంది. మీకు అన్నిటికీ ఒకే ముక్క కావాలి. ఐడిలింగ్‌లో 0.16 కలిసింది, 0.2 కావాలి, కాబట్టి కొంచెం లీన్ మిగిలింది. ఫుల్‌లో 0.85 కలిసింది, కావలసిందేమో అదే 0.2. మసి రాక ఏం చేస్తుంది? ఆయన్ని తప్పు పట్టడం లేదు, కార్బురేటర్ రోజుల్లో మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూసిన చెయ్యి అది. నాదీ అదే చెయ్యి.

రాత్రి ఆగిపోవడం కూడా ఇందులోదే. ఓపెన్ టైమ్ వోల్టేజీ మీద ఆధారపడుతుంది. 14 వోల్టుల దగ్గర 1.0 మిల్లీసెకను పట్టే ఇంజెక్టర్‌కు 12 వోల్టుల దగ్గర 1.3 పట్టడం మామూలే. మీరు పెట్టిన ఫోటోలో బ్యాటరీ కరెక్షన్ (వోల్టేజీని బట్టి ఓపెన్ టైమ్ పెంచే శాతాలు) గడులన్నీ 100 మీదే ఉన్నాయి. హెడ్‌లైట్లు, బ్లోవర్, రేడియేటర్ ఫ్యాను అన్నీ కలిసి ఐడిలింగ్‌లో వోల్టేజీని 12కి లాగితే ఇంకో 0.3 పోయింది. 10 శాతం పెంచాక కూడా 1.76 లోంచి 0.5 పోతే మిగిలేది 1.26. అంటే మీటర్లో 18.7. ఆ మిశ్రమానికి ఏ ఇంజిన్ ఐడిలింగ్‌లో నిలబడుతుంది?

ఈ తప్పు నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. చాలా ఏళ్ల కిందట ఒక ఎస్టీమ్ మీద, ఇదే ఇంజిన్ కుటుంబం, రెండు రోజులు కూర్చుని వి.ఇ. టేబుల్ ఐడిలింగ్ దగ్గర గడులు ఒక్కొక్కటే పెంచుకుంటూ పోయాను. చుట్టుపక్కల గడులు 48, 50 ఉంటే ఐడిలింగ్ గడి 61కి చేరింది. పగలు వెన్నలా నడిచింది, బండాయన సంతోషంగా తీసుకుపోయాడు. రాత్రి ఎనిమిదింటికి ఫోన్, లైట్లు వేస్తే కట్ అవుతోందని. మర్నాడు మల్టీమీటర్ పట్టుకుని బ్యాటరీ దగ్గర నిలబడితే గానీ నాకు విషయం వెలగలేదు. అప్పటి నుంచీ ఎవరి టేబుల్ చూసినా ముందు ఐడిలింగ్ దగ్గర పుట్టలా పైకి లేచిందా అని చూస్తాను. నున్నగా ఉండాల్సిన టేబుల్లో ఆ పుట్ట ఉందంటే చాలాసార్లు ఓపెన్ టైమ్ తప్పును ఎవరో దాని కింద పాతిపెట్టారన్న మాటే.

అయితే లెక్క కుదిరింది కదా అని వెంటనే 0.8 తీసి 1.0 కొట్టేయకండి. మూడు సంగతులు ముందు ఖాయం చేసుకోవాలి.

మొదటిది, మీటరు నిజం చెబుతోందా? కొత్త హెడర్ (ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్) వేశారన్నారు. సెన్సార్‌కు ముందు గ్యాస్కెట్ దగ్గర సన్నటి లీక్ ఉన్నా, ఎగ్జాస్ట్ పల్స్‌ల మధ్య బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, మీటరు లేని లీన్ చూపిస్తుంది. ఇది కూడా ఐడిలింగ్‌లో ఎక్కువ, ఫుల్‌లో తక్కువగానే కనబడుతుంది. అంటే ఓపెన్ టైమ్ తప్పుకు కవల పిల్ల లాంటిది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, తడిగుడ్డతో సైలెన్సర్ చివర కాసేపు అదిమి పట్టించండి, లీక్ ఉంటే హెడర్ దగ్గర టిక్ టిక్ మని వినబడుతుంది, ఫ్లాంజి దగ్గర సబ్బునీళ్లు పోస్తే బుడగలు వస్తాయి. అలాగే మిస్సింగ్ ఉంటే కాలని ఆక్సిజన్ బయటికి వచ్చి మీటర్లో లీన్‌గానే పడుతుంది, కాబట్టి ప్లగ్గులు, కేబుళ్లు బాగున్నాయని తేల్చుకోండి. ఇంకొకటి ఎర్తింగ్. మీటర్ మీద అంకె, ల్యాప్‌టాప్‌లో అంకె పక్కపక్కన పెట్టి చూడండి. 0 నుంచి 5 వోల్టులకు 10 నుంచి 20 చూపించే వైడ్‌బ్యాండ్ కంట్రోలర్ అయితే ఎర్త్‌లో 0.1 వోల్టు తేడా వచ్చినా 0.2 తప్పుతుంది. కంట్రోలర్ ఎర్త్, ఈసీయూ ఎర్త్ ఇంజిన్ మీద ఒకే బోల్టుకు బిగించండి.

రెండోది, ఇన్‌టేక్‌లో ఎక్కడైనా బయటి గాలి లాగుతోందా అన్నది. ఇక్కడ చాలామంది పొరబడతారు. గాలి లాగితే లీన్ అవుతుందన్నది ఎయిర్‌ఫ్లో మీటర్ ఉన్న కార్లకు అక్షరాలా నిజం, ఎందుకంటే ఆ గాలిని మీటరు లెక్కపెట్టలేదు. మీది మ్యాప్ సెన్సార్‌తో (మ్యానిఫోల్డ్ ప్రెషర్ కొలిచేది) నడిచే లెక్క. మ్యానిఫోల్డ్‌లోకి ఎక్కడి నుంచి గాలి వచ్చినా ప్రెషర్ పెరుగుతుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ ఇస్తుంది, ఇంజిన్ లీన్ కాదు, ఐడిలింగ్ పైకి పోతుంది. అలాంటప్పుడు ఐడిలింగ్ 1200 దగ్గర నిలబడిపోయి, ఐడిలింగ్ స్క్రూ ఎంత తిప్పినా దిగదు. మీరు అలా రాయలేదు. కానీ ఒక మినహాయింపు ఉంది, అది మీకే వర్తిస్తుంది: ఇంజెక్టర్ కింది ఓ-రింగ్. వేరే బండి ఇంజెక్టర్లు వేసినప్పుడు ఆ రింగు కొలత వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆ ఒక్క సిలిండర్ పక్కనే గాలి లాగుతుంది. అప్పుడు ఆ సిలిండర్ లీన్, మిగతా మూడూ బాగానే ఉంటాయి, మీటర్లో వాటి సగటు పడుతుంది. ఇంజిన్ చల్లగా ఉండగా ఒక్కో ఇంజెక్టర్ మొదట్లో కార్బ్ క్లీనర్ ఒక్క చుక్క స్ప్రే చేసి ఐడిలింగ్ మారిందా చూడండి. హెడర్ వేడెక్కాక ఈ పని చేయొద్దు, అంటుకుంటుంది. రింగులు మార్చేట్టయితే వైటాన్ రింగులే వేయండి, ఇప్పటి ఇథనాల్ పెట్రోల్‌కు మామూలు రబ్బరు ఉబ్బిపోతుంది.

మూడోది ప్రెషర్. మీరు కొలిచినట్టు ఎక్కడా రాయలేదు. 240 సీసీ అన్నది 3 బార్ దగ్గర మాట. ప్రెషర్ మారితే సైజు మారిపోతుంది, కానీ నేరుగా కాదు, వర్గమూలం లెక్కన. 3 బదులు 2.4 బార్ ఉంటే ఇంజెక్టర్ ఇచ్చేది 20 శాతం తగ్గదు, 10.6 శాతం తగ్గుతుంది. ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే రైలుకు టీ జాయింట్ వేసి గేజి పెట్టండి. రెగ్యులేటర్ రైలు మీద ఉండి దానికి వ్యాక్యూమ్ ట్యూబ్ ఉంటే, ట్యూబ్ పీకి చూసినప్పుడు 3 బార్, తగిలించి ఐడిలింగ్‌లో చూసినప్పుడు సుమారు 2.4 రావాలి. ఈ 2.4 తప్పు కాదు, మ్యానిఫోల్డ్‌లో 0.6 బార్ వ్యాక్యూమ్ ఉంది కాబట్టి ఇంజెక్టర్ రెండు వైపులా తేడా 3 బారే. ట్యూబ్ ఊడిపోయిందేమో, అందుకే ఐడిలింగ్ లీనేమో అని ఒకరు మీకు చెప్పారట. ఊడితే జరిగేది తలకిందులు, ఐడిలింగ్ రిచ్ అవుతుంది.

ఇంజెక్టర్ సైజే చాలలేదేమో అన్న మాటా కొట్టేయొచ్చు. 5500 ఆర్పీఎమ్‌లో ఒక సైకిల్‌కు 21.8 మిల్లీసెకన్లు ఉంటాయి, మీ పల్స్ 9.3. అంటే 43 శాతం. 85 దాటితే ఆలోచించాలి.

ఇవి మూడూ బాగున్నాయనుకుందాం. ఇప్పుడు ఓపెన్ టైమ్ కొలవండి. మీ ఊళ్లో ఇంజెక్టర్ క్లీనింగ్ మెషీన్ ఉన్న షాపు తప్పకుండా ఉంటుంది, నాలుగు గాజు గొట్టాలు, వెనక లైటు ఉండేది. పల్స్ వెడల్పు, పల్స్‌ల సంఖ్య సెట్ చేసే వీలున్న మెషీన్ కావాలి. ప్రెషర్ 3 బార్ పెట్టించి, 3 మిల్లీసెకన్లతో 1000 పల్స్‌లు కొట్టించి గొట్టంలో ఎన్ని సీసీలు వచ్చాయో రాసుకోండి. తర్వాత 6 మిల్లీసెకన్లతో మళ్లీ 1000. మీ ఇంజెక్టర్ నిజంగా 240 సీసీదే అయితే రెండోసారి, మొదటిసారి మధ్య తేడా 12 సీసీ రావాలి. అంటే మిల్లీసెకనుకు 4 సీసీ. మొదటిసారి 8 సీసీ వచ్చిందనుకోండి, అది 2 మిల్లీసెకన్ల పెట్రోల్. ఇచ్చింది 3. మిగిలిన 1 మిల్లీసెకను సూది లేవడానికే పోయింది. అదే మీ ఓపెన్ టైమ్. వోల్టేజీ ఎంత ఉన్నప్పుడు కొలిచారో పక్కన రాయండి, అది లేకపోతే ఈ అంకెకు విలువ లేదు. మెషీన్ వోల్టేజీ మార్చే వీలుంటే 12 దగ్గర, 14 దగ్గర రెండూ కొలవండి.

అదే మెషీన్ మీద నాలుగు గొట్టాల మట్టాలు కూడా చూసుకోండి. స్క్రాప్ ఇంజెక్టర్లలో నాలుగూ ఒకేలా ఉండటం అదృష్టం. ఒక గొట్టం మిగతా వాటికంటే 5 శాతం వెనకబడితే క్లీన్ చేయించి మళ్లీ చూడండి, అప్పటికీ రాకపోతే దాన్ని పక్కన పెట్టండి. ఒక సిలిండర్ లీన్‌గా ఉంటే దాన్ని ఈసీయూలో కప్పిపుచ్చడానికి మిగతా మూడింటికీ పెట్రోల్ ఎక్కువ పోయాలి, అంతకంటే దండగ లేదు. నిరోధం కూడా కొలవండి. 12 నుంచి 16 ఓమ్‌లు ఉంటే సరే. 2, 3 ఓమ్‌లు ఉంటే అవి వేరే జాతి, రెసిస్టర్లు లేకుండా కలిపితే డ్రైవర్లు కాలిపోతాయి, రెసిస్టర్లు పెడితే ఓపెన్ టైమ్ ఇంకా పెరుగుతుంది.

మెషీన్ దొరకలేదా? బండి మీదే ఇంకో దారి ఉంది. క్లోజ్‌డ్ లూప్ కరెక్షన్ (మీటర్ చూసి ఈసీయూ తనంతట తాను పెట్రోల్ దిద్దుకోవడం) ఆపేసి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, అరవైలో పోయేటప్పటి లోడు దగ్గర నిలకడగా పెట్టి మీటర్ చూడండి. ఇంజిన్ ఆపి, సైకిల్‌కు ఒక పిచికారీ ఉన్నదాన్ని రెండు చేసి మళ్లీ అదే చోట చూడండి. పెట్రోల్ మొత్తం అదే, కానీ సూది రెండుసార్లు లేవాలి. ఓపెన్ టైమ్ సరిగ్గా ఉంటే మీటరు కదలదు. మీలాగా 0.2 తక్కువుంటే తప్పు రెండింతలై 15.7 ఉన్నది 16.8కి ఎగబాకుతుంది. రెండు పద్ధతుల్లోనూ మీటర్ ఒకే చోట నిలిచే దాకా ఓపెన్ టైమ్ 0.05 చొప్పున మార్చండి. ఐడిలింగ్‌లో ఈ పరీక్ష చేయొద్దు. పల్స్‌లు మరీ చిన్నవైతే ఇంజెక్టర్ లెక్క ప్రకారం నడవదు, అంకె తప్పుదారి పట్టిస్తుంది.

కొలత చేతికొచ్చాక చేయాల్సింది పది నిమిషాల పని. మెకానిక్ పెంచిన 10 శాతం వెనక్కి తీసేయండి, రిక్వైర్డ్ ఫ్యూయల్ (సిలిండర్ నిండా గాలి పడితే ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు పెట్రోల్ పోయాలో చెప్పే అంకె) మళ్లీ 9.6. ఓపెన్ టైమ్ 14 వోల్టుల కొలత, మీ లాగ్ ప్రకారం 1.0 దగ్గర ఉండాలి. బ్యాటరీ కరెక్షన్ టేబుల్లో 14 దగ్గర 100, 12 దగ్గర మీ కొలత ఎంతైతే అంత, 1.3 వస్తే 130. ఆ కరెక్షన్ ఓపెన్ టైమ్‌కు మాత్రమే అన్న ఆప్షన్ ఎంచుకోండి. పల్స్ మొత్తానికి పెడితే తక్కువ వోల్టేజీలో పెద్ద పల్స్‌లు కూడా 30 శాతం ఉబ్బిపోతాయి. స్టార్టింగ్‌లో వోల్టేజీ 10 దాకా పడుతుంది కాబట్టి ఆ గడినీ వదలొద్దు. ఉదయం స్టార్టింగ్ ట్రబుల్ ఏమైనా ఉంటే అక్కడే సగం తీరిపోతుంది.

9.6 గురించి ఒక మాట, ఎందుకంటే ఎక్కువ పెట్టానేమో అని మీకు అనుమానం ఉంది. ఒక్కో సిలిండర్ 324.5 సీసీ, నిండా గాలి పడితే సుమారు 0.39 గ్రాములు. ఇథనాల్ లేని పెట్రోల్‌కు 14.7 లెక్కన 240 సీసీ ఇంజెక్టర్ ఇంచుమించు 9 మిల్లీసెకన్లు తెరవాలి. మన దగ్గర 20 శాతం ఇథనాల్ పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చింది, 2025 నాటికి దాదాపు ప్రతి బంకులోనూ అదే పోస్తున్నారు. దానికి సరైన నిష్పత్తి 13.5 దగ్గర. అంటే 9.6 సరిగ్గానే ఉంది. అది తప్పై ఉంటే అన్ని చోట్లా ఒకే శాతం లీన్ కనబడేది. మీ అంకెల్లో అది లేదు.

కానీ ఇక్కడే ఒక గుంట ఉంది, చాలామంది పడ్డారు. 20 శాతం ఇథనాల్‌కు 13.5 అన్నారు కదా అని వైడ్‌బ్యాండ్ మీటర్లో 13.5 తెప్పించడానికి పెట్రోల్ పోస్తూ కూర్చుంటారు. సెన్సార్ కొలిచేది గాలి-పెట్రోల్ బరువుల నిష్పత్తి కాదు, లాంబ్డా, అంటే పెట్రోల్ పూర్తిగా కాలడానికి కావలసిన గాలికి ఉన్న గాలి ఎన్ని రెట్లు అన్నది. దాన్ని 14.7తో గుణించి మనకు అలవాటైన అంకెలో చూపిస్తుంది, అంతే. ట్యాంకులో ఏ పెట్రోల్ ఉన్నా మీటర్లో 14.7 అంటే లాంబ్డా 1. మీరు మీటర్‌ను లాంబ్డాకే మార్చేసుకోండి: ఐడిలింగ్, నిలకడ వేగం 1.0 దగ్గర, ఫుల్‌లో 0.87. ఈ గొడవ ఉండదు.

ఈ మార్పులయ్యాక వి.ఇ. టేబుల్ వైపు వెళ్లండి, మహా అయితే అక్కడక్కడ రెండు మూడు పాయింట్లు దిద్దాల్సి వస్తుంది. ఆ తర్వాతే యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్ (కాలు నొక్కగానే అదనంగా పోసే పెట్రోల్). కాలు ఆనించగానే ఠప్ మనడం ఇప్పటికే చాలావరకు పోయి ఉంటుంది, ఎందుకంటే నిలకడ వేగంలోనే లీన్‌గా ఉన్న ఇంజిన్ మీద హఠాత్తుగా గాలి పోస్తే ఇన్‌టేక్ వైపు మంట తన్నడం సహజం. ఇంకా మిగిలితే అప్పుడు కొద్దికొద్దిగా పెంచండి. మొదటే పెంచితే ఎక్కడ ఏ లోపం ఏది కప్పుతోందో మీకే తెలియకుండా పోతుంది.

ఇంకో సంగతి, ఇది మే నెలలో తెలుస్తుంది. ఎండలో బండి ఆపి, పావుగంట టీ తాగి వచ్చి స్టార్ట్ చేస్తే మళ్లీ రెండు నిమిషాలు దగ్గుతుంది. కంగారు పడి ఓపెన్ టైమ్ మార్చకండి. బానెట్ కింద వేడికి గాలి ఉష్ణోగ్రత సెన్సార్ ఒళ్లు కాగి 70 డిగ్రీలు చూపిస్తుంది, లోపలికి పోయే గాలి నిజానికి అంత వేడిది కాదు. 35కి, 70కి తేడా వల్ల ఈసీయూ 10 శాతం పెట్రోల్ కోసేస్తుంది. సెన్సార్‌ను ఇంజిన్ మీద నుంచి తీసి ఎయిర్ ఫిల్టర్ దగ్గరికి మార్చడం అన్నిటికంటే మంచి మందు. కుదరకపోతే ఆ కరెక్షన్ టేబుల్లో 60 డిగ్రీల పైన కోత తగ్గించండి.

ఒరిజినల్ ఈసీయూ ఉన్న కారుకు ఇవన్నీ ఎలా పనికొస్తాయని ఇక్కడే ఇంకొకాయన అడిగారు. మీకు ఓపెన్ టైమ్ మార్చే వీలు ఉండదు, మార్చాల్సిన అవసరమూ ఉండదు, కంపెనీ వాళ్లు కొలిచే పెట్టారు. కానీ ఆకారం చూసే పద్ధతి అదే. స్కానర్‌లో లాంగ్ టర్మ్ ట్రిమ్ (ఈసీయూ తనంతట తాను పెంచిన లేదా తగ్గించిన పెట్రోల్ శాతం) ఐడిలింగ్‌లోనూ, నిలకడ వేగంలోనూ రాసుకోండి. ఎయిర్‌ఫ్లో మీటర్ ఉన్న కారులో ఐడిలింగ్‌లో ప్లస్ 18, వేగంలో ప్లస్ 3 అయితే గాలి లాగుతోంది. వేగం పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే ఫిల్టరు, పంపు. రెండు చోట్లా ప్లస్ 5, 6 ఉండి బండి బాగానే నడుస్తుంటే బహుశా పాత కారులో కొత్త ఇథనాల్ పెట్రోల్, వదిలేయండి.

ఫుల్ యాక్సిలరేటర్ పరుగులు ఆఖరున పెట్టుకోండి. ఐడిలింగ్‌లో 16.8తో నడిచినంత మాత్రాన ఇంజిన్‌కేమీ కాదు, విసుగు తప్ప. లోడు మీద లీన్ మాత్రం ప్రమాదం, నాకింగ్ మొదలైతే పిస్టన్ అంచు తినేస్తుంది. ప్రెషర్ గేజిని పొడుగు పైపుతో బయటికి తెచ్చి వైపర్ పక్కన అద్దం మీద బయటి వైపే టేప్ వేయండి, పెట్రోల్ పైపు క్యాబిన్‌లోకి రానివ్వొద్దు. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని, ఆయన గేజి, మీటర్ చూస్తుంటే మీరు రోడ్డు చూడండి. 5000 దాటాక ప్రెషర్ 3 నుంచి జారడం మొదలైతే ఆయన అరవాలి, మీరు కాలు తీసేయాలి. అది ఇంజెక్టర్ సెట్టింగుతో తీరేది కాదు. పంపు ప్లగ్గు దగ్గర ఇంజిన్ నడుస్తుండగా వోల్టేజీ చూడండి. అక్కడ 11.5 ఉండి బ్యాటరీ దగ్గర 14 ఉంటే పంపు మార్చే ముందు పాత వైరు తీసేసి, రిలే పెట్టి, లావు వైరు లాగండి.